రెండు తట్టలు

అనకాపల్లి,
11-3-1965

రహమాన్ బావగారికి సలాం.

సోమవారం మీరు అక్క పేరున ఉన్న ఇల్లు అమ్మేసి మరపడవ కొంటున్నారని తెలిసింది. దయచేసి ఆ సంతకం ఆపండి.

పెరూ, జపాన్ దేశాల్లో చేపల పట్టుబడి ఏటేటా పెరుగుతోందని పత్రికలో మీకు చూపించింది నేనే. మన సముద్రమూ అంతేనని నా పుస్తకం తెరిచి చెప్పిందీ నేనే. పూడిమడక నుంచి మన బజారుకు వచ్చే చేపల తట్టలు రోజూ రాసుకుంటాను కదా. నాలుగేళ్ళ క్రితం నలభై వచ్చేవి, ఇప్పుడు అరవై వస్తున్నాయి.

నిన్న లెక్కపెడుతుంటే చేపలమ్మే పోలమ్మ నవ్వింది. "తట్టలు లెక్కెడతన్నావు గానీ బాబూ, తట్టని సూసేవా? సేపలు తగ్గిపోనాయి. పెద్ద తట్ట సగానికే అవుపడితే ఎవుడు కొంటాడు? అందుకే అందరం సిన్నవి అల్లించుకున్నాం."

అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇన్నేళ్ళూ ఆమె ఎదురుగా నిలబడే రాశాను.

నా మాట మళ్ళీ నమ్మమని అడగలేను. పోలమ్మ పాత తట్ట, కొత్త తట్ట ఇసాక్ మామతో పంపుతున్నాను. అక్క ఎదుటే కొలిచి చూడండి. కొత్తదానితో రెండుసార్లు కుమ్మరిస్తే గాని పాతది నిండదు.

మీ బావమరిది