ఊడిరాని సైలెన్సర్

మార్చి 11

హల్లాకి చెవుడు. రెండు చెవులూ పోయాయి. కజాని పట్నంలో కుక్కల డాక్టరమ్మ దాని తల వెనక చప్పట్లు కొట్టింది, స్టీలు గిన్నె మోగించింది, చివరికి తలకి వైర్లు పెట్టి మిషన్‌లో చూసింది. తెర మీద గీత కదల్లేదు. ముసలితనం కాదు, తుపాకీ మోత మరీ దగ్గరగా పడి ఉంటుంది అంది. పడి ఉండటమేమిటి, నా కళ్ళముందే పడింది.

పోయిన అక్టోబర్‌లో హల్లా దుప్పికి అడ్డం తిరిగి, దాన్ని కదలనివ్వకుండా మొరుగుతోంది. మా అన్నయ్య తౌనో పొదల్లోంచి పాక్కుంటూ వచ్చి, కుక్క తలకి మూరెడు పైనుంచి పేల్చాడు. మోత తగ్గించడానికి గొట్టం కొసన బిగించాల్సిన సైలెన్సర్ జేబులో ఉంది. పొడుగైపోయి కొమ్మలకి తగులుతోందట, అందుకని మర తిప్పి ఊడదీశాడట. తన చెవులకి మాత్రం ఇయర్‌మఫ్‌లు దిట్టంగా ఉన్నాయి.

మార్చి 12

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. కుక్కే కదా, అన్నాడు.

ఏప్రిల్ 26

వేట క్లబ్ మీటింగ్. స్కూలు హాల్లో కాఫీ, దాల్చినచెక్క బన్నులు, అందరి పొట్టలూ నిండాక నేను లేచాను. హల్లా పని అయిపోయింది. మిగిలింది దాని కూతురు ఉస్వా ఒక్కతే. ఈ ఊళ్ళో దుప్పిని నిలబెట్టే కుక్క ఇంకొకటి లేదు. మీ అందరి సైలెన్సర్‌లూ వాటి చోట అవి ఉంటాయి, కానీ కుక్క పక్కకి పాకి వెళ్ళేది మాత్రం ఎప్పుడూ మన లీడర్‌గారే, అంటే మా అన్నయ్యే. ఆయన చేతిలో ఊడిరాని సైలెన్సర్ ఉంటే తప్ప ఉస్వా అడవిలో కాలు పెట్టదు, అని చెప్పేశాను.

అలాంటి తుపాకీ ఎస్కో తుపాకుల షాపులో ఉంది, అతనూ మీటింగ్‌కి వచ్చాడు. గొట్టం, సైలెన్సర్ రెండూ ఒకే ఒళ్ళుగా చేసి వెల్డింగ్ పెట్టేస్తారు. ఎస్కో వ్యాపారస్థుడే గానీ దాచుకుని మాట్లాడడు. పొట్టిగా ఉంటుంది, పొదల్లో హాయి, అన్నాడు. సైలెన్సర్ ఉంటే గుండు ఒకచోట, తీస్తే ఇంకోచోట తగలడమనే గొడవ లేదు. చప్పుడు బొత్తిగా రాదని కాదు, చెవులు పోయేంత రాదు. ఆ వెంటనే రెండో చిట్టా కూడా విప్పాడు. లోపల తడి చేరితే కనబడదు, తుప్పు పట్టినా తెలీదు. పాడైతే ఆ ముక్క ఒక్కటే మార్చడానికి కుదరదు, తుపాకీ మొత్తం షాపుకి మోసుకురావాలి. ఇంకో తుపాకీకి తగిలించుకోలేం. లోపలి గొట్టానికి చిల్లులుంటాయి గనక గుండు వేగం కాస్త తగ్గుతుంది, దూరం దెబ్బలకి దాన్ని నమ్ముకోకూడదు.

విన్నారా, విన్నారా అని తౌనో బల్ల గుద్దాడు. ఇన్ని లోపాలున్నదాన్ని బుద్ధున్నవాడెవడైనా కొంటాడా అన్నాడు. అసలు లోపం ఎస్కో చెప్పనే లేదట. అవసరమైతే తీసేద్దామంటే రాదు!

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్యా, అదే దాని గొప్పతనం, నీ చేతులు తీయలేని సైలెన్సరే నాకు కావాలి, అని అరిచాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. తౌనో బన్ను నములుతూ కూర్చున్నాడు. చివరికి, సరేలే, లైసెన్స్‌కి పెడతాను, ఇక ఆపవే నీ సతాయింపు, అన్నాడు.

జులై 8

హల్లా ఇవాళ దుంగల లారీ కింద పడబోయింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయకుండా వచ్చాడు. అది రోడ్డు మధ్యలో కూర్చుని తీరిగ్గా తొడ గోక్కుంటోంది. నేను పరుగెత్తి మెడపట్టీ పట్టుకుని లాగాను. డ్రైవరు కిందకి దిగి, అమ్మా నీ కుక్కకి చెవుడా అని అడిగాడు. అవును, మా అన్నయ్య పుణ్యం అన్నాను. వాడికేం అర్థమవుతుంది పాపం.

ఆగస్టు 17

ఫైరింగ్ రేంజ్‌లో తౌనో కొత్త తుపాకీ. అన్నీ నడిమధ్యనే కొట్టాడు. ముందువైపు బరువెక్కువ, రోకలి మోస్తున్నట్టుంది, అని సణిగాడు. బాగుంది అన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఉస్వాని పక్కన కూర్చోబెట్టాను. తుపాకీ పేలినా అది బెదరలేదు, నా చేతిలో సాసేజ్ ముక్కకేసే చూసింది.

అక్టోబర్ 12

సీజన్ మొదలు. ఉస్వా మొదటిరోజే దుప్పిని నిలబెట్టింది! తౌనో దాని పక్కనుంచే పేల్చాడు. నేను చాలా దూరం నుంచి పిలిచాను, తోక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. చెవులు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. హల్లాకి కూడా దుప్పి కాలేయం ముక్క పెట్టాను, దానికి మాత్రం తక్కువేం, తల్లి కదా. తౌనో మీద కోపం కూడా కొంచెం తగ్గినట్టుంది.

అక్టోబర్ 20

కోపం తగ్గడానికి వీల్లేదు. పొరపాటు నాదే.

వారమంతా వానలో తిరిగి తడిసిన తుపాకీని కేస్‌లో పెట్టి, కారు డిక్కీలో పడేశాడు. లోపల తుప్పు. ఎస్కో దీపం పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. కోసి చూడాలి, సీజన్ అయిపోయేలోపు తిరిగి రాదన్నాడు. తౌనో మొహంలో బాధేమీ లేదు. చూశావా, నేను ముందే చెప్పలేదూ, తడి పడదని, అన్నాడు. తుపాకీ పాడైనందుకు సంతోషపడేవాణ్ణి ఇవాళే చూశాను. తుడిచి, పొయ్యి పక్కన నిలబెడితే ఆరిపోయేది.

ఉస్వా ఇక అడవికి రాదు.

అక్టోబర్ 26

వెళ్ళాల్సొచ్చింది. ఎవరో కొట్టిన గుండు దుప్పి కాలికి తగిలింది, అది కుంటుకుంటూ అడవిలోకి పోయింది. గాయపడ్డదాన్ని అలా వదిలేసి ఇంటికొచ్చి కాఫీ తాగేవాళ్ళం కాదు మేం. రక్తం జాడ పట్టాలంటే కుక్క కావాలి. తౌనో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన పాత తుపాకీ, దానికి సైలెన్సర్. చూడవే, గట్టిగా బిగించాను, దీని మీద చెయ్యి వెయ్యను, మన అమ్మ తోడు, అన్నాడు. అమ్మ పేరెత్తాడని నమ్మాను.

ఉస్వాకి తాడు కట్టి ముందు నేను, వెనక తౌనో. చుట్టూ లేత స్ప్రూస్ చెట్లు, దువ్వెన పళ్ళంత దగ్గరగా ఉన్నాయి. దుప్పి ఊపిరి వినపడుతుందేమోనని ఇయర్‌మఫ్‌లు మెడలోకి దించుకున్నాను. వెనక కొమ్మలు విరుగుతున్నాయి, తౌనో తిట్టుకుంటున్నాడు, తరవాత తిట్లు ఆగిపోయాయి. అప్పుడే తిరిగి చూసి ఉండాల్సింది.

దుప్పి గుంటలో పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. నా భుజం పక్కనుంచి గొట్టం ముందుకొచ్చింది. ఉత్త గొట్టం. కొసన సైలెన్సర్ బిగించే మర చుట్లు మెరుస్తున్నాయి. ఆగన్నయ్యా అని అరిచాను. చెవులకి మఫ్‌లు, పైగా ఎప్పుడో సగం చెవుడు, ఇంక మా తౌనోకేం వినబడుతుంది. నాకున్నవి రెండే చేతులు. మోకాళ్ళ మీద పడి ఉస్వా తల ఒళ్ళోకి లాక్కుని, రెండు అరచేతులతో దాని చెవులు అదిమి మూసేశాను.

అక్టోబర్ 28

డాక్టరు ఏదో చెప్పి, నేను చూస్తూ ఉండిపోయేసరికి స్క్రీన్ మీద టైప్ చేసి చూపించింది. నా ఎడమ చెవి వినికిడి కొంత తిరిగి రావచ్చట. కుడిది రాదట. తలలో ఈల మోగుతూనే ఉంది.

నవంబర్ 3

తౌనో వచ్చాడు. పాత తుపాకీ బోల్ట్ జేబురుమాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఆ తుపాకీ ఇక పేలదు. నా ఎదురుగా కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒక్క ముక్క కూడా వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

అతను వెళ్ళాక వంటింట్లోంచి ఉస్వాని పిలిచాను. గట్టిగా పిలిచానో మెల్లిగా పిలిచానో తెలీదు. వచ్చింది.