ఎండలో పెట్టిన బురద

ఉప్పురేవు మకాం,
14-7-1968

తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఉప్పురేవు బీల అడుగు నుండి తీసిన బురద పెట్టెను తక్షణము ఎండలో నుండి నీడలోనికి మార్పించు ఉత్తరువుల కొరకు.

శ్రీకాకుళంలో వృక్షశాస్త్రము బోధించు జగన్నాధం అను నేను తమకు మనవి చేసుకొనునది:

1. సదరు బీలలో, అనగా ఊరి పల్లపు చిత్తడి మడుగులో, ఇనుప గొట్టము దించి, అడుగు బురదను పొరలు చెదరకుండ తీసి, పొడవాటి చెక్కపెట్టెలో తడి గోనెలు కప్పి ఉంచితిని. ఏ కాలమున ఏ చెట్లుండెనో వాటి పుప్పొడి ఆ కాలపు పొరలో నిలిచియుండును. అట్టడుగున, ఉప్పునీటి ఒడ్డున పెరుగు మడచెట్ల పుప్పొడి దొరికినచో, ఒకప్పుడు ఉప్పునీరు ఇంతదూరము వచ్చెనని రుజువగును. ఈ ఒక్క పెట్టె కోసము ఏళ్ల తరబడి తిరిగితిని. మా ఇంట్లో బియ్యం డబ్బాల కంటే బురద డబ్బాలే ఎక్కువని నా భార్య పద్మకుమారి నలుగురిలో అంటుంది. అబద్ధం కాదు.

2. బురద ఆరినచో పుప్పొడి చెడును. పెట్టె నిన్న ఉదయము నుండి అమ్మవారి గుడి ముందు, మూత లేకుండ, ఎండలో ఉన్నది. అంచులు అప్పుడే బీటలిచ్చినవి.

3. ఇందుకు కారణము నా నోరే. రెండేళ్లుగా ఇచ్చట వానలు లేవు. బురద నడుమ తెల్లని ఇసుక చార చూసి, గుడి ఊడ్చి దీపం పెట్టే అసిరమ్మ అను వృద్ధురాలు "ఇదేటి బాబూ?" అని అడిగినది. "ఒకప్పుడు ఈ బీల పూర్తిగా ఎండిపోయిందమ్మా. తరాల తరబడి వానలు లేనట్టుంది" అని చెప్పితిని.

వానలు లేనప్పుడు అమ్మవారి రాయిని ఎండలో పెట్టుట ఈ ఊరి ఆచారము. ఎండ బాధ తెలిసి అమ్మ వాన కురిపించునట. పోయిన ఏడు పెట్టినారు, ఫలితము లేదు. అసిరమ్మ ఊరందరినీ పిలిచి, "రాయికి ఎండ అలవాటైపోనాది. ఇది అమ్మ కడుపులో మట్టి. దీనికి తగిల్తే గానీ అమ్మకి మన మంట తెలీదు" అన్నది. ఆ వెంటనే పెట్టె మోసుకుపోయినారు.

గొట్టము దించుటకు నాకు సాయపడిన లక్ష్ముడు కూడా ఒక చివర పట్టినాడు. ఇదేమిటని అడిగితే, "నానూ ఈ ఊరోణ్నే కదా మాస్టారూ. మీరు నిజం సెప్పీసినారు, అదే సిక్కొచ్చింది" అన్నాడు.

4. ఈ ఉదయము గోనెలు తడుపుటకు నేను నూతి నుండి ఒక కడవ నీరు తోడితిని. నూతిలో బురద నీరే ఉన్నది. చంటిబిడ్డను చంకనెత్తుకున్న చిన్నతల్లి అను ఆమె నా చేతిలోని కడవ లాక్కొని, "మా పిల్లలకి గుక్కెడు లేదు, మీ బురదకి కడివెడా?" అన్నది.

పొడి గోనెలతోనే వెనుదిరిగితిని. అయినను పెట్టె కావలెను.

5. పోలీసులను పంపవద్దని ప్రార్థన. ఊరిపై కేసు వద్దు. పెట్టెపై ఒక తాటాకు పందిరి వేయించిన చాలును. అయ్యా, రేపటి ఎండకు అది ఆగదు.

ఇది చిత్తగించి, ఈ కాగితము చేరిన పూటనే కదలవలెనని వేడుకొను

తమ విధేయుడు,
జగన్నాధం

తా.క.: కవరు అంటిస్తుండగా వాన పట్టుకుంది. గొడుగు తీసుకుని గుడి దగ్గరికి పరుగెత్తాను. పెట్టె నిండా నీళ్లు. తెల్లచార కరిగి నల్లమట్టిలో కలిసిపోతోంది. పైన గొడుగు పట్టబోతే, "ఒద్దు బాబూ! ఇప్పుడు నీడ పడితే అమ్మ ఆపీస్తాది!" అని అసిరమ్మ కేక వేసింది. గొడుగుకీ వానకీ సంబంధం లేదని నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పేవాణ్ని. కానీ గుడి చూరు కింద చిన్నతల్లి ఆ కడవే పెట్టుకుని నిలబడి ఉంది. అది ఇంకా సగం కూడా నిండలేదు.

గొడుగు తెరవలేదు. తమరు శ్రమపడి రానక్కరలేదు.