పదకొండు బల్లలు

ముందే చెబుతున్నాను, నా రాత చూసి విసుక్కోకండి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అందులో మూడో తరగతి రెండుసార్లు. ఇప్పుడు వేళ్ళు కూడా వణుకుతున్నాయి. ఒత్తు పడాల్సిన చోట పడకపోతే మీరే పెట్టుకుని చదవండి.

రేవు పక్క కలప డిపోలో ముప్పై నాలుగేళ్ళు కాపలా కాసినవాడిని, అందరూ మూగాయన అని పిలిచేవాడిని, వయసు డెబ్బై నాలుగు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా ఇష్టంతో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మతి బాగానే ఉంది. మొన్న డాక్టరమ్మ ఇవాళ ఏ వారం అని అడిగితే చెప్పాను. తర్వాత ఆమే గోడ మీద క్యాలెండరు చూసుకుంది.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది. అందరినీ కూర్చోబెట్టి పైకి చదవాలి. నాలుగో అంశం దగ్గర గొంతు తగ్గించకూడదు. డిపో వాళ్ళు కూడా వినాలి. అబద్ధం వాళ్ళందరి ముందే చెప్పాను కాబట్టి.

1. ఇంట్లో నా వాటా, అంటే వీధి వైపు గది, వంటగది, వాటి మీద సర్వ హక్కులు, మా ఆవిడ బతికున్నంత కాలం ఆమెవి, ఆ తర్వాత నా కూతురివి. వంటగది కిటికీ రెక్క కొంచెం పైకెత్తి తోస్తేనే పడుతుంది. కొట్టకండి. పెరటి వైపు వాటా నా తమ్ముడిది, దాని జోలి నాకు లేదు. ఆ మాట నేను అనడం ఎంత సిగ్గుచేటో కింద రాస్తాను.

2. రంపాలు రెండు, చిత్రిక, బాడిత, ఉలులు ఐదు, నా అల్లుడికి. బస్సులు బాగుచేసే చెయ్యి, మంచి చెయ్యే. కానీ నా రంపంతో ఇనుప గొట్టాలు కోస్తే మాత్రం ఊరుకోను, ఎక్కడున్నా సరే. ఇక చెక్కకు బెజ్జాలు వేసే బర్మా విషయం. దాన్ని మా బావమరిది రెండు రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్ళి ఇరవై రెండేళ్ళయింది. నేను అడగలేదు, అతను ఇవ్వలేదు. దాన్ని ఈ వీలునామా ద్వారా అతనికే రాసేస్తున్నాను. ఇక నన్ను చూసి సందు మారక్కర్లేదు.

3. మా ఆవిడ పొయ్యి దగ్గర వేసుకునే పీట ఆమెకే ఇద్దామని రాయబోయాను. మోకాళ్ళ నొప్పి అంటే ఆమె ఎత్తుకు సరిపడా చేసి పెట్టిన పీట. రాయబోయి ఆగిపోయాను. అది ఇవ్వడానికి నాకు హక్కు లేదు. ఎందుకో నాలుగో అంశంలో తెలుస్తుంది. ఆమెకు నా కళ్ళజోడు పెట్టె, అందులో ఉన్న ఆమె పెళ్ళినాటి పక్కపిన్ను. పోయిందని ఇల్లంతా వెతికించింది. పోలేదు, నేనే దాచుకున్నాను.

4. పెరట్లో చెక్క షెడ్డు.

దీని గోడలు పాత మిల్లు పడగొట్టినప్పుడు వచ్చిన కిటికీ చట్రాలు. నిలువు స్తంభాలు డిపోలో పక్కన పడేసిన ముక్కలు, యజమానిని అడిగే తెచ్చుకున్నాను. తలుపు ఒక మూతపడిన దుకాణానిది. మేకులు కూడా వంగినవి ఏరుకొచ్చి, రాయి మీద పెట్టి తిన్నగా కొట్టినవి. ఇంతవరకు నా తప్పేమీ లేదు.

కప్పు సంగతి వేరు. కప్పు పదకొండు బల్లలు, అంటే పొడుగాటి చెక్క పలకలు. అవి నా తమ్ముడివి.

నా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. రేవులో పడవ నడిపేవాడు, అదీ వేరేవాళ్ళ పడవ. సొంత పడవ కట్టుకోవాలని రెండేళ్ళు కూలిన ఇళ్ళూ పాత గోదాములూ తిరిగి మంచి బల్లలు ఏరాడు. ఒక్కో బల్లను వేడినీళ్ళ గుడ్డలతో తడిపి, రాళ్ళు బరువు పెట్టి వారాల తరబడి వంచేవాడు. పదకొండు అయ్యాయి. ఇంకో ఎనిమిది కావాలి. వాటి కోసం ఎగువకు కలప కోత పనికి వెళ్ళాడు. వెళ్తూ ఏటి గట్టున బల్లల మీద టార్పాలిన్ కప్పి, కాస్త చూస్తుండన్నా అన్నాడు. కాపలాదారుకు అప్పగించాడు మరి.

అదే ఏడాది నేను షెడ్డు మొదలుపెట్టాను. డిపోలో ఒకరోజు అందరూ ఉండగా, ఒక్క చెక్క కూడా కొనకుండా వానలకు ముందే కట్టి చూపిస్తానని నోరు జారాను. ఎప్పుడూ మాట్లాడనివాడు ఒక్కసారి మాట్లాడితే ఇలాగే ఉంటుంది. రోజూ అడిగేవాళ్ళు, మూగాయనా కప్పు పడిందా, లేక నువ్వే గొడుగు పట్టుకుని నిలబడతావా అని. కప్పుకు చెక్క దొరకలేదు. మొదటి వాన పడింది. తమ్ముడి దగ్గర్నుంచి ఆరు నెలలుగా ఉత్తరం లేదు. ఇక రాడులే అనుకున్నాను. అనుకోవడం కాదు, అనుకోవాలని అనుకున్నాను.

టార్పాలిన్ తీశాను. వాడు పెన్సిలుతో ఒకటి నుంచి పదకొండు దాకా వేసుకున్న అంకెలు చిత్రికతో గీకేశాను. రెండు బల్లలు పొడుగైతే మూరెడేసి కోసేశాను. ఆ మూరెడు ముక్కలే మా ఆవిడ పీట. పైన తారు పూశాను, ఆనవాలు పట్టకుండా.

తమ్ముడు పద్నాలుగో నెలలో వచ్చాడు. బండి మీద ఎనిమిది బల్లలు తెచ్చాడు.

ఏరు పొంగిందిరా, అన్నీ కొట్టుకుపోయాయి అని చెప్పాను. డిపో వాళ్ళు నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకడు షెడ్డు వైపు చూసి, షెడ్డు కట్టావా, పడవ బోర్లించావా మూగాయనా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా తమ్ముడు మాత్రం కప్పు వైపు చాలాసేపు చూసి, వంపు బాగా కుదిరిందన్నా, నీళ్ళు నిలవవు అన్నాడు. అంతే. తెచ్చిన ఎనిమిది బల్లలతో నా కూతురికి మంచం చేసిపెట్టాడు. ఇంకో ముప్పై ఏళ్ళు పరాయి పడవే నడిపాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా, నా షెడ్డు ఒక్క చుక్క కారలేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. నేను చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

పోయిన నెల లోపల నిచ్చెన వేసుకుని దుమ్ము దులపబోయాను. చూస్తే నేను కొట్టిన ఇనుప మేకు ఒక్కటీ లేదు. వాటి చోట రాగి మేకులు. బల్లకూ బల్లకూ మధ్య సందుల్లో దూది పేని కుక్కి, తారు నింపి ఉంది. కప్పుకు అలా ఎవరూ చెయ్యరు. పడవకు చేస్తారు. ఒకచోట తారు ఇంకా వేలికి అంటుకుంది. నేను గీకేసిన అంకెలు, ఒకటి నుంచి పదకొండు దాకా, ఉలితో మళ్ళీ చెక్కి ఉన్నాయి.

మా ఆవిడను అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, ఏటా వానలకు ముందు మీ తమ్ముడు ఎక్కుతాడుగా, మీరు డిపోకి పోయినప్పుడు, మీకు తెలుసనే అనుకున్నా అంది.

అప్పటి నుంచి వాడి ముఖం చూడలేకపోతున్నాను. పెరట్లో ఎదురైతే చెప్పు తెగినట్టు వంగి కూర్చుంటున్నాను.

5. కాబట్టి ఆ పదకొండు బల్లలూ, వాటి రాగి మేకులతో సహా, నా తమ్ముడివి. ఇస్తున్నాను అని రాయడం లేదు. నావి కానివి నేనెలా ఇస్తాను. వాడివి అని ఒప్పుకుంటున్నాను. పీట కూడా వాడిదే.

6. ఇక ఇది నీకు, తమ్ముడూ. వీలునామా మనిషి పోయాక చదవాలంటారు. అంతదాకా ఆగితే నీకేం లాభం? నీకూ అరవై ఆరు వచ్చాయి. అందుకే ముందు నీ తలుపు కింద తోస్తున్నాను. నువ్వు చూశాకే అమ్మాయికి ఇస్తాను. షెడ్డులో నా సామాన్లన్నీ తీసేశాను. నిచ్చెన గోడకు ఆనించి ఉంది. విప్పుదాం అంటే కింద నిలబడి బల్ల అందుకుంటాను, ఆ మాత్రం ఓపిక ఉంది. కోసిన రెండింటికీ బదులు డిపోలో అడుగుతాను, ఈసారి నోరు తెరిచి అడుగుతాను, ఎందుకో కూడా చెబుతాను. వద్దు, ఉండనీ అంటే ఉంచుతాను. కానీ అప్పుడు నాదని ఎవరితోనూ అనను.

గోడకు అవతలే ఉన్నావు, పిలిస్తే పలుకుతావు. నిజమే. నీ ముఖం చూస్తూ అడగడం నావల్ల కాదు. నువ్వు కూడా నోటితో చెప్పకు. పర్లేదులే అన్నా అంటావు, అది వినలేను.

మే ఇరవై ఏడు, బుధవారం, పొద్దున.

(సంతకం) మూగాయన

సాక్షులు:
రేవులో టికెట్ల గుమస్తా
ఎదురింటి టైలరు

ఇద్దరూ నేను సంతకం పెట్టడం చూసి సంతకాలు పెట్టారు. లోపలిది చదవలేదు. టైలరు తొంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

తమ్ముడూ, కింద నాలుగు వేళ్ళ ఖాళీ వదిలాను. విప్పాలా, ఉంచాలా, ఒక్క మాట చాలు. అక్కడే రాసి నా తలుపు కింద తోసెయ్యి. వానలు దగ్గరకొచ్చాయి. త్వరగా రాయి.