నిన్ను తిన్నదానికి మేత

సత్తెమ్మా,

నేనే. బాగున్నావా అని అడగడం తెలివితక్కువే గానీ చేతికి ముందు అదే వచ్చింది. నువ్వు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే వారమే సంవత్సరీకం.

"నీ రాత కోడి గెలికినట్టుంటాది మావా" అనేదానివి. ఇప్పుడూ అంతే. మన మనవరాలు స్వాతికి హిందీ తప్ప తెలుగు చదవడం రాదు. అందుకని ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నీ కాలి పుండు సంగతి... చెప్పు ఒరుసుకుని శనగగింజంత లేచింది. "ఏటైపోద్ది మావా, పసుపెడితే మానిపోద్ది" అన్నావు. చక్కెర ఒళ్లు కదా, మానలేదు. ఆసుపత్రిలో మందు మీద మందు మార్చారు. ఈ పురుగు కంటికి కనిపించదు, ఏ మందుకూ లొంగడం లేదు అన్నాడు డాక్టరు. నేను తిట్టాను. రైల్వే షెడ్‌లో బతుకంతా ఇనుముతో పెనుగులాడినవాణ్ణి. బిగుసుకుపోయిన ఏ నట్టునీ విప్పకుండా వదల్లేదు. కనిపించనిదాన్ని ఏ పానాతో పట్టుకోను?

కాలు తీసేశారు. "నా కాలు నాకంటే ముందెల్లిపోనాది మావా, తోవ సూత్తన్నాదేమో" అని నవ్వావు. ఆ నవ్వు నాకెందుకు చూపించావు?

నీకు తెలియనిది ఒకటుంది. నీ పుండు రసిని స్వాతి డాక్టర్ని అడిగి, నా చేత సరే అనిపించి, తను చదివే కోని యూనివర్సిటీకి పట్టుకెళ్లింది. అక్కడ ఆ పురుగును పెంచారు. తర్వాత పిల్ల సీసాలు పట్టుకుని అర్పా నది ఒడ్డునా, మురిక్కాలువల దగ్గరా తిరిగింది. కుక్కలంటే భయమని నన్ను వెంట రమ్మంది. షెడ్ ఫిట్టర్ని, చేతిలో మురికినీళ్ల సీసాతో నడిరోడ్డున నిలబడ్డాను. చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు.

మనకి జబ్బు చేసినట్టే ఆ పురుగులకీ జబ్బు చేస్తుందట. వాటికంటే చిన్న వైరస్‌లు ఉంటాయట. పురుగు మీద వాలి, తమ విత్తనాన్ని లోపలికి దించి, అక్కడే వందలుగా పెరిగి, దాన్ని చీల్చుకుని బయటకొస్తాయట. మనుషుల జోలికి రావట. ఏ పురుగును తినే వైరస్ దానికే ఉంటుందట. పురుగు ఎక్కడుంటే దాని యముడూ అక్కడే తిరుగుతుంటాడట. అచ్ఛా అన్నాను. ఇంకేం అనగలను?

ఆఖరికి ఒకటి దొరికింది. ఎక్కడో తెలుసా... నువ్వు పడుకున్న వార్డు వెనక కాలువలో.

"కిటికీ ముయ్యి మావా, ఈ కంపుకి ముందే సచ్చిపోతాను" అన్నది ఆ కాలువ గురించే. నేనే మూశాను. నిన్ను తింటున్నదాన్ని తినేది ఆ గోడ అవతలే పారుతోంది సత్తెమ్మా. కాలువ నీళ్లు మందు కావు తాతయ్యా, శుభ్రం చేయాలి, పరీక్షలు కావాలి, ఏళ్లు పడుతుంది అంది స్వాతి. నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం?

కిందటి నెల కోని వెళ్లాను. ఒక గాజు బిళ్ల చూపించింది. చల్లారిన పాల మీద తొరకలా పల్చగా పరుచుకుని ఉంది నీ పురుగు. ఆ తొరకలో చిల్లులు... అద్దంలా తేటగా. ఒక్కో చిల్లూ అది చచ్చినచోటు. కళ్లు నొప్పెట్టేదాకా చూశాను. నువ్వు పోయాక మొదటిసారి కడుపు చల్లబడింది.

మొత్తం చచ్చిందా అని అడిగాను. లేదట. కొంత మంచుపెట్టెలో దాచారట. అప్పుడప్పుడూ తీసి మేత పెడతారట. అది లేకపోతే వైరస్ పెరగదట. అది తప్పించుకోవడం నేర్చుకుంటే ఇంకో వైరస్‌ను వెతకాలట.

మీ అమ్మమ్మను తిన్నదానికి మేత పెడుతున్నావా అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

మర్నాడు కుదుదండ్‌లోని మన ఇంటికొచ్చింది. నువ్వు వద్దంటే మా సార్‌కి చెప్పి దాన్ని కాల్పించేస్తాను తాతయ్యా, నీ మాటే ఆఖరు అంది. కాల్చేయమనడానికి నోరు తెరిచాను. తీరా, ఆలోచించి చెబుతాను పొమ్మన్నాను.

మొన్న విశ్వకర్మ పూజకి షెడ్‌కి వెళ్లాను. ఆ విరిగిన కప్లింగ్ ఇంకా గూట్లోనే ఉంది. గుర్తుందా? రెండు రైలుపెట్టెలను కలిపే ఆ ఇనుప కొక్కెమే కళాసీ అప్పన్నను మింగింది. పగులు ఎలా మొదలవుతుందో కొత్తవాళ్లకి చూపించడానికి దాన్ని దాచాం. ఆ ఏడు పూజకి ఆడవాళ్లతో నువ్వూ వచ్చావు. పనిముట్లతో పాటు ఎవరో దానికీ బొట్టు పెట్టారు. "ఏటి మావా, మనిషిని మింగినదానికీ బొట్టెట్టీసినారేటి? పారీయరేటి?" అన్నావు. పారేస్తే రేపు ఏది ఎక్కడ పగులుతుందో ఎలా తెలుస్తుందని కసిరాను. ఇంటికొచ్చాక గుమ్మంలో అన్నావు, "నువ్వన్నదే నిజం గానీ, అప్పన్న పెళ్లాం కంట అది పడనీకండి."

ఇప్పుడు అప్పన్న పెళ్లాం స్థానంలో నేనున్నాను సత్తెమ్మా. నా కంట పడింది.

నిన్న స్వాతికి చెప్పాను, ఉంచుకోమని. ఆ పురుగు పట్టి కుళ్లుతున్న కాళ్లు ఈ ఊళ్లో ఇంకెన్ని ఉన్నాయో. పిల్ల నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను. మంచి పనికి ఒప్పుకున్న మనిషికి ఉండే శాంతి నాకేం రాలేదు. నీ దగ్గర అబద్ధం దేనికి?

వచ్చే వారం నీ పిండం నా చేత్తో నేనే కలుపుతాను. మేతలో నీది ముందు, దానిది తర్వాత.

దాన్ని బతకనిస్తాను. బొట్టు మాత్రం పెట్టను.

నీ మావ