కొలతల పుస్తకం వెనక పేజీలు

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ చేస్తే నువ్వు ఊ కొడతావు తప్ప వినవు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. నేను బ్లాగు మొదలుపెట్టాను. లైబ్రరీలో పనిచేసే ఆవిడ కోటుకి లైనింగ్ మార్పించుకోవడానికి వచ్చి, షాపు కబుర్లు విని, "ఇవన్నీ రాయొచ్చు కదండీ" అంటూ నా ఫోన్లోనే తెరిచి ఇచ్చింది. బట్టలు కుట్టించుకునేవాళ్ల గురించి రాద్దామని నా ఆలోచన. తీరా చూస్తే 'ట' కొడితే 'త' పడుతోంది. మీ బావ నన్ను మూడు రోజులుగా 'తైలరు' అని పిలుస్తున్నాడు.

నువ్వు పత్రికలో హెడ్డింగులు పెట్టేవాడివే అయినా, రాసేవాళ్లు ఏమేం వాడతారో తెలియకుండా ఉండదు. తప్పులు పట్టేది ఏదైనా ఉందా? ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి? మొదటి వాక్యం ఎలా మొదలవుతుంది? ముందుగా నీకు రాసిన ఉత్తరాలే పెడదామనుకుంటున్నాను. కొలతల పుస్తకం వెనక పేజీల్లో వాటి చిత్తు ప్రతులన్నీ ఉన్నాయి.

నీ అక్క

*

అక్కకు,

టైపు చేయకు. కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడు, అదే రాసుకుంటుంది. రాశాక ఫోన్ చేత చదివించుకుని విను. ఎక్కడ ఊపిరి ఆడదనిపిస్తే అక్కడ వాక్యాన్ని రెండు చెయ్యి. స్పెల్‌చెక్‌ను పూర్తిగా నమ్మకు, మనం మాట్లాడే మాటల్లో సగం దానికి తెలియవు. నెట్‌లో కనిపించిన ఫొటోలు దించుకోకు, వాటికి సొంతదారులుంటారు. బట్టను కిటికీ పక్కన పెట్టి నువ్వే తియ్యి. మొదటి వాక్యం కోసం కూర్చోకు. ఏదో ఒకటి రాసెయ్యి, తర్వాత పైన రెండు వాక్యాలు కొట్టేస్తే అసలుది బయటపడుతుంది.

పాత ఉత్తరాలు మాత్రం పెట్టకు. అవి ఇంటి సంగతులు. కొత్తవి రాయి.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మైకు బాగా పనిచేస్తోంది, కాస్త ఎక్కువగానే. కాలరు తిప్పి కుట్టడం గురించి చెబుతుంటే మీ బావ లోపల్నుంచి "ఇస్త్రీపెట్టె ఆపావా?" అని అరిచాడు. అదీ అచ్చయిపోయింది. చదివిన పదకొండు మందిలో నలుగురు అదే బాగుందన్నారు. చదివించుకుని వినడం మంచి ఉపాయం. ఆ ఫోన్ గొంతు నా కబుర్లను కోర్టు తీర్పులా చదువుతుంది కానీ, పొడుగు వాక్యం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతోంది.

ఒకటి అర్థం కాలేదు. టేపు నడుము చుట్టూ వేయగానే అందరూ పొట్ట లోపలికి లాక్కుంటారని నీకో ఉత్తరంలో రాశాను, గుర్తుందా? అందులో ఇంటి సంగతి ఏముంది? ఒక రాత ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమో వెతికిపెట్టే సైటు ఉందట. లైబ్రరీ ఆవిడ చెప్పింది. ఎలా పనిచేస్తుందో చూడడానికి ఆ ఉత్తరాన్నే అందులో వేస్తాను.

నీ అక్క

*

తమ్ముడికి,

నెలయింది, నీ జవాబు లేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నూటికి తొంభై వంతులు ఇదివరకే వచ్చిన రాత అని ఆ సైటు చెప్పింది. నా కబుర్లకు నన్నే దొంగను చేసింది. అది చూపించిన చోటికి వెళితే మీ పత్రిక ఆదివారం పేజీ, కింద గడ్డానికి చెయ్యి ఆనించుకుని నీ ఫొటో. మీ పత్రిక మా ఊరికి రాదు కాబట్టి ఆరేళ్లుగా నాకు తెలియలేదు. కొలతల పుస్తకం పక్కన పెట్టుకుని, నీ పేరుతో వచ్చిన నలభై రెండూ చదివాను. అన్నీ నావే. గోధుమరంగు గుండీని మాత్రం నీలం చేశావు. ఎందుకు?

అడిగితే ఇచ్చేదాన్ని కదరా.

అక్క

*

అక్కకు,

మొదటిసారి ఒక ప్రకటన ఆఖరి నిమిషంలో రద్దయింది, పేజీలో ఖాళీ మిగిలింది. సొరుగులో నీ ఉత్తరం ఉంటే అందులో పెట్టేశాను. మర్నాడు ఎడిటర్ "ఎవరు రాశారయ్యా ఇది?" అంటే నీ పేరు చెప్పకుండా తల వంచుకున్నాను. ఆయన నేనే అనుకున్నారు. వారం తర్వాత ఇంకోటి అడిగారు. గుండీ రంగు ఎందుకు మార్చానంటే, ఏదో ఒకటి మారిస్తే నాదని చెప్పుకోవచ్చనిపించింది.

నిన్న ఎడిటర్‌కు అంతా చెప్పాను. శీర్షిక ఆపేశారు. అవన్నీ ఎవరివో చెబుతూ వచ్చే ఆదివారం నీ పేరుతో ప్రకటన వస్తుంది. నేను మళ్లీ హెడ్డింగుల దగ్గరికే. అదీ న్యాయమే. నాకు రాయడం రాదక్కా, అతికించడమే వచ్చు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

కోపం పోయిందనుకోకు. ఉంది. అయినా ఒక సంగతి తేలక మళ్లీ రాస్తున్నాను.

అన్నీ నావే అన్నాను. తప్పు. ఒక లెక్కల మాస్టారు కోటు తెచ్చి, ఎడమవైపు లోపలి జేబు తీసి కుడివైపు కుట్టమన్నారని నీకు రాశాను. ఎందుకో నేను అడగలేదు. పత్రికలో ఆ తర్వాత నాలుగు వాక్యాలున్నాయి. ఆ జేబులో ఆయన భార్య కళ్లజోడు ఉండేదని, ఆవిడ పోయాక కూడా చెయ్యి అక్కడికే వెళుతోందని, అందుకే జేబునే మార్పించారని. నా పుస్తకంలో ఎంత వెతికినా అవి లేవు. సైటులో వేశాను. నీ పేజీలో తప్ప ఎక్కడా లేవంది.

నిన్న ఆ మాస్టారు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చారు. ఆగలేక అడిగేశాను.

"కుడి భుజం పట్టేసిందమ్మా. ఎడమ చేతికి అందుతుందని మార్పించాను" అన్నారు.

నీ నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను. ఆయన తలుపు వైపు చూశారు. బయట వాళ్లావిడ స్కూటర్ మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది.

చేతిలోని ప్యాంటు బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఆ ముక్క ఇంకోసారి చదవమ్మా" అన్నారు.

చదివాను. రాసింది మా తమ్ముడని చెప్పాను.

నీ అక్క