మడ చెట్ల కాపలా

1981 జూన్ 15
వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. ఉప్పుటేటి పక్క పల్లెలో నేను కట్టించిన బడి... ఆడపిల్ల ఒక్కర్తీ రాలేదట. సుబ్బారావు మేష్టారు రాజమండ్రి దాకా, మా రైసుమిల్లుకే వచ్చి చెప్పారు. "పుల్లలకి పోతున్నారండి. మీరు మడ చెట్లకి కాపలా పెట్టించాక దగ్గర్లో పుల్ల దొరకట్లేదు. ఏరు దాటాలి."
గాలివాన నాడు మడ చెట్లున్న వైపు ఇళ్ళు నిలిచాయి. లేని వైపు — అందుకే కాపలా. పొయ్యి సంగతి తట్టనే లేదు.

జూన్ 22
పల్లెకి వెళ్ళాను. నూకాలమ్మ చేపల గంప దించి, "పొయ్యిలోకి ఏం పెట్టమంటారండీ?" అంది. కిరసనాయిలు స్టవ్‌లు ఇప్పిస్తానన్నాను. "మరి కిరసనాయిలో? ఎన్నాళ్ళిస్తారండీ?" పక్కన ఆమె పెద్దకూతురు సత్యవతి నవ్వాపుకుంటోంది. పన్నెండేళ్ళుంటాయి. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే చేస్తుందని మేష్టారి మురిపెం.

జూలై 3
స్టవ్‌లు రాలేదు.

జూలై 11
ఏరవతల సత్యవతి కాలికి మోడు గుచ్చుకుందట. వారమైంది. పల్లెలో నేను పెట్టిన ఆసుపత్రికి వేసవి నుంచీ డాక్టరు లేడు. కాంపౌండరు కట్టు కట్టి పంపేశాడు. ధనుర్వాతం సూది మందు లేదు. ఉందా అని నేనెప్పుడూ అడగలేదు.
పొద్దున కబురు — దవడ బిగుసుకుపోయిందని. నేనే కారులో కాకినాడ తీసుకెళ్ళాను. కుదుపు కుదుపుకీ తల్లి ఒళ్ళో విల్లులా వంగిపోతోంది పిల్ల. డ్రైవరు ఏడుస్తూనే నడిపాడు.

జూలై 13
పోయింది.

జూలై 14
అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. "మీరు మంచికే కదండీ చేశారు" అంది మా ఆవిడ. ఆ మాటే వినలేకపోయాను.

జూలై 27
మళ్ళీ పల్లెకి. గుమ్మంలోనే నిలబడి నూకాలమ్మతో చెప్పాను — కాపలా తీసేస్తాను, కావలసినంత నరుక్కోండి అని.
"గాలివాన నాడు ఇద్దరు పిల్లల్నీ నా చీరతో మడ చెట్టుకే కట్టేశానండి. అవి కొట్టేస్తే... ఇంకోత్తి ఉందండీ నాకు."
"మరేం చెయ్యమంటావమ్మా?"
"నాకేం తెలుసండీ. పెద్దోరు, మీరే చెప్పాలి."
తిరిగి రేవుకి నడుస్తుంటే కాపలా వీరన్న వెంటబడ్డాడు. "రేపు డ్యూటీకి వెళ్ళమంటారా, వద్దంటారా బాబూ?"
రేవులో ఆడవాళ్ళు అవతలి గట్టుకి పడవెక్కుతున్నారు. వాళ్ళ మధ్య నూకాలమ్మ చిన్నకూతురు, చేతిలో కత్తి.
వీరన్న మళ్ళీ అడిగాడు.