లాలి దాచమన్న మాట

పినపాక,
22-4-2007.

ఎడారిలో కాపలా కాస్తున్న మా వారికి,

ప్రమీల నమస్కరించి రాస్తున్నది. నేను, అత్తమ్మ, సోని ముగ్గురం ఇక్కడ బాగున్నాం. మీరు వేళకు తిని, ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాం. మీ ఉత్తరం పదిరోజుల కిందట అందింది. అత్తమ్మ రెండుసార్లు చదివించుకుని, ఆ తర్వాత కాగితాన్ని ఊరికే చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నది.

ఇప్పపూలు రాలుతున్నాయా అని అడిగారు. రాలుతున్నాయి. తెల్లవారి తలుపు తీస్తే ఊరంతా ఆ తీపి వాసనలో నాని ఉంటుంది. వెలుగు సరిగ్గా విచ్చుకోకముందే గూడెం ఆడవాళ్ళు గంపలతో వచ్చి చెట్ల కింద వంగి ఏరుతుంటారు. వాళ్ళు మనుషులో, చెట్ల నీడలే లేచి కదులుతున్నాయో తెలియదు. మన బిడ్డ సోని ఏం చేస్తున్నదని అడిగారు. ముందుపన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుంది. మీ ఉత్తరం మడతలోంచి రాలిన నాలుగు ఇసుక రేణువులను అగ్గిపెట్టెలో దాచుకుంది.

మీ మూడో ప్రశ్నకు జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. "బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేదానివి, బొమ్మలు అమ్మే పనిలోకి ఎందుకు దిగినవు" అని అడిగారు. ముందు ఏం జరిగిందో చెప్తాను.

భద్రాచలంలో ఒక డాక్టరమ్మ ఉన్నది. రొమ్ము కాన్సర్‌ను ముందే కనిపెడితే ప్రాణం నిలుస్తుందని, అడవి ఊళ్ళకు తిరిగి ఆడవాళ్ళను పరీక్ష చేయాలని ఆమె పట్టుదల. జీపుకు, మందులకు, నర్సులకు డబ్బు కావాలి. బొమ్మలు వేసేవాళ్ళు తలా ఒకటి ఊరికే ఇస్తే అమ్మి ఆ పని మొదలుపెడదామన్నాను. మా బడి పిల్లలు ఇచ్చారు. గూడెం ఆడవాళ్ళు ఎర్రమట్టితో, సున్నంతో అట్టల మీద జింకలను దించి ఇచ్చారు. తండా వాళ్ళు అద్దాల కుట్టుపని ఇచ్చారు. మణుగూరులో షాపుల బోర్డులు రాసే అహ్మద్ పాషా గోదావరి మీద పొద్దుపొడుపును గీసి, బ్యానర్ కూడా తనే రాస్తానన్నాడు.

అత్తమ్మను వెంటబెట్టుకుని అమ్మకానికి ముందురోజే భద్రాచలం వెళ్ళాను. ఫంక్షన్‌హాలులో తాళ్ళు కట్టి బొమ్మలు వేలాడదీశాం. కిటికీలు తెరిస్తే నది మీది గాలి లోపలికొచ్చింది. జింకలు కదిలాయి, అద్దాల వెలుగు చుక్కలు గోడల మీద ఈదాయి, పాషా గీసిన నది మెల్లగా ఊగింది. నిద్రలో నడుస్తున్నట్టు వాటి మధ్య తిరిగాను. రెండు బొమ్మల సందులో, పోయిన మీ చెల్లెలు లాలి కొంగు కనిపించి మాయమైనట్టు అనిపించింది.

అంతలో హాలు చూసుకునే ఆదినారాయణ వచ్చి బ్యానర్ చదివాడు. పెళ్ళిళ్ళు జరిగే చోట ఆ మాటేంది, 'రొమ్ము' తీసేసి 'స్త్రీల ఆరోగ్యం' అని రాయించమన్నాడు. నేను సరేనన్నాను. నాకూ ఆ మాటను అంత పెద్ద అక్షరాల్లో చూడటం సిగ్గుగానే ఉన్నది. పాషా తెల్లరంగు డబ్బా తెరిచాడు. చదువురాని అత్తమ్మ, ఏ మాట చెరుపుతున్నారని అడిగింది. చెప్పాను.

"నా బిడ్డ గదే రోగంతోని పోయింది," అన్నది. "పేరు రాస్తేనే తప్పా? ఉండనియ్యి."

పాషా డబ్బా మూత పెట్టేశాడు. అమ్మ చెప్పినంక కుంచె నడవదని ఆదినారాయణతో అన్నాడు. ఆదినారాయణ బ్యానర్ వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా జనం గడప దగ్గరికొచ్చి, బ్యానర్ చదివి, తల దించుకుని మళ్ళిపోయారు. చివరికి పాషా భార్య అమీనా బీ తన చుట్టాల ఆడవాళ్ళను పదిమందిని తీసుకుని వచ్చి, ఒక జింక బొమ్మ కొన్నది. ఆ తర్వాత ఎవరూ గడప నుంచి వెనక్కి మళ్ళలేదు. బొగ్గుబావుల ఉద్యోగులు, టీచర్లు, గుడికొచ్చిన యాత్రికులు కొన్నారు. సాయంత్రానికి తాళ్ళు దాదాపు ఖాళీ అయ్యాయి.

అప్పుడు లాలి భర్త పూల్‌సింగ్ వచ్చాడు. కల్లూరు నుంచి మూడు బస్సులు మారి వచ్చాడట. బాగా చిక్కిపోయాడు. మా బడి పిల్ల వేసిన చిన్న కొండ బొమ్మ కొని, ఈ పైసలతో నిజంగా డాక్టర్లు వస్తారా అని అడిగాడు. వస్తారన్నాను. బొమ్మను చంకలో పెట్టుకున్నాడు.

"నాకెవ్వరు చెప్పలే అక్కా," అన్నాడు. "తెలిసుంటే ఎత్తుకొనైనా పోదును."

ఏమండీ, ఇక్కడి నుంచి కుదురుగా కూర్చుని చదవండి.

లాలి చనిపోయినప్పుడు, భార్య ఒంట్లో రోగం ఉంటే చూసుకోలేదని మీరు పూల్‌సింగ్‌ను నలుగురిలో తిట్టారు. రెండేళ్ళుగా అతనితో మాట్లాడటం లేదు. కానీ అతనికి తెలియదు. తెలిసింది నాకు. దవాఖానాకు తీసుకుపోవడానికి పదకొండు నెలల ముందు, మన ఇంటి వెనక తల రుద్దుకుంటూ లాలి నా చెయ్యి పట్టి తన రొమ్ము మీద పెట్టుకుంది. "చింతగింజంత ఉన్నది వదినా. నొప్పేం లేదు. ఎవరికీ చెప్పకు, సిగ్గు," అన్నది. నా వేళ్ళకు గట్టిగా తగిలింది. నొప్పి లేకుంటే ఏం కాదులే అన్నాను. మళ్ళీ అడగలేదు. మీకు చెప్పలేదు. మీరు పూల్‌సింగ్‌ను తిట్టిన రోజు కూడా తలుపు పక్కన నిలబడి విన్నాను. నోరు తెరవలేదు. బొమ్మల పనిలోకి ఎందుకు దిగానో ఇదీ జవాబు.

ఆ సాయంత్రమే గోదావరి మెట్ల మీద అత్తమ్మకు చెప్పేశాను. ఎదుటి ఒడ్డు మసకలో కరిగిపోయేదాకా ఆమె అక్కడే కూర్చున్నది. "నాకైనా చెప్పకపోతివి," అని మాత్రం అన్నది. బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఇంట్లో వారం రోజులు సోని ద్వారానే మాట్లాడింది.

పోయిన ఆదివారం డాక్టరమ్మ జీపు తండాకు వచ్చింది. ఆడవాళ్ళంతా దూరంగా నిలబడ్డారు, ఒక్కరూ కదల్లేదు. అత్తమ్మ లేచింది. నా మణికట్టు పట్టుకుని తెర లోపలికి తీసుకుపోయింది. "కోడలికి నేర్పియ్యి డాక్టరమ్మా, రేపు ఊరికి ఈమెనే చెప్పాలె," అని తన రవిక ముడి విప్పింది. డాక్టరమ్మ నా వేళ్ళను ఎలా పెట్టాలో, ఎక్కడ ఎంత నొక్కాలో చూపించింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని, మంచిగ చూడమన్నది. చూశాను. ఏమీ లేదు. ఆ తర్వాత నన్నూ పడుకోబెట్టి చూశారు. నాకూ ఏమీ లేదు.

మేం బయటికొచ్చాక ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళలో మోతీ అనే ఆమెకు చిన్న గడ్డ కనిపించింది. తన మొగుడికి చెప్పొద్దని నన్ను బతిమాలింది. నేను ఆమె పక్కనే కూర్చుని, ఆమె ఊ అనేదాకా లేవలేదు. ఆ తర్వాత ఇద్దరం కలిసే చెప్పాం. ఎల్లుండి హైదరాబాద్ తీసుకుపోతున్నాం. తొందరగానే దొరికింది, బతుకుతుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆ రోజు అత్తమ్మ నా కంచంలో తనే అన్నం పెట్టింది.

మిమ్మల్ని క్షమించమని ఇప్పుడే అడగను. మీరు ఏం రాసినా చదువుతాను. కానీ నాకు రాసే ముందు కల్లూరుకు ఒక ఉత్తరం వేయండి. తప్పు అతనిది కాదని పూల్‌సింగ్‌కు మీ చేత్తో రాయండి.

ఇట్లు,
మీ చెల్లెలికి వదిన, మీకు భార్య
ప్రమీల